విహారయాత్రకు ఏ బండి ఎక్కాలి: రాత్రిదా, పగటిదా?

ఈ నెల మాకు అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం సెలవుల రైలు ప్రయాణాల గురించినవే. వాటిలో మూడింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాము. బండ్ల వేళలు అప్పుడప్పుడూ మారుతుంటాయి కనుక, ఇందులో పేర్కొన్న సమయాలను సుమారుగానే తీసుకుని, టిక్కెట్టు కొనే ముందు మరొకసారి సరిచూసుకోవలసిందిగా మనవి.

ప్రశ్న: నేను ఉపాధ్యాయురాలిగా పనిచేసి పదవీ విరమణ పొందాను. ఈ డిసెంబరులో నేను, మా వారు, మా అమ్మాయి పిల్లలు ఇద్దరు (ఒకరికి తొమ్మిదేళ్లు, ఒకరికి ఆరేళ్లు) కలిసి విశాఖపట్నం, అరకు చూసి రావాలనుకుంటున్నాము. రాత్రి స్లీపర్ బండిలో వెళ్తే ఒక పగలూ, ఒక రోజు హోటల్ అద్దే మిగులుతాయని మా అల్లుడు చెబుతున్నాడు. నాకు మాత్రం పిల్లలకు గోదావరిని చూపించాలని ఉంది. మా వారికి అరవై ఏడేళ్లు, మోకాళ్ల నొప్పులు. పై బెర్త్ ఎక్కలేరు. మేము ఏ బండిలో వెళ్లడం మంచిది?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీకు పగటి బండినే సూచిస్తాను. అయితే పగటి బండి అన్న పేరును నమ్ముకోకుండా, మీరు చూడదలచుకున్న చోటును అది ఏ వేళకు దాటుతుందో చూసుకుని టిక్కెట్టు తీసుకోండి. 2023 సంక్రాంతి నాడు మొదలైన వందే భారత్ మధ్యాహ్నం మూడింటికి సికింద్రాబాదులో బయలుదేరుతుంది. అది వరంగల్లుకు వచ్చేసరికి నాలుగున్నర అవుతుంది. డిసెంబరు నెలలో ఖమ్మం చేరేసరికే పొద్దుగూకుతుంది కాబట్టి, రాత్రి తొమ్మిది ప్రాంతంలో రాజమహేంద్రవరం వచ్చినప్పుడు కిటికీలో మీ ముఖాలు తప్ప ఏమీ కనిపించవు. గంటల తరబడి కూర్చుని వెళ్లిన అలసట మిగులుతుంది, గోదావరి మాత్రం దక్కదు. 2024 మార్చిలో మొదలైన రెండో వందే భారత్ ఇందుకు భిన్నం. తెల్లవారుజామున ఐదింటికి సికింద్రాబాదులో కదిలి, ఆరున్నర ప్రాంతంలో వరంగల్లుకు వచ్చి, మధ్యాహ్నానికి ముందే గోదావరి దాటి, రెండు గంటల లోపు విశాఖ చేరుతుంది. మీ కోరికకు సరిపోయేది ఇదే. ఈ బండి వారంలో ఒక రోజు నడవదు కనుక, తేదీ నిర్ణయించుకునే ముందు ఆ సంగతి కూడా చూసుకోండి.

కొవ్వూరు దాటగానే పిల్లలను సిద్ధం చేయండి, ఎందుకంటే అంత పెద్ద నదిని కూడా బండి కొద్ది నిమిషాలలోనే దాటేస్తుంది. విశాఖ వైపు వెళ్లేటప్పుడు ఎడమ చేతి వైపు పాపికొండల నుంచి వచ్చే ఎగువ ప్రవాహం, కుడి చేతి వైపు ధవళేశ్వరం దిక్కున దిగువ ప్రవాహం ఉంటాయి. 1997 వరకు దాదాపు నూరేళ్లు బండ్లను మోసిన హేవలాక్ వంతెన ఇప్పుడు వాడుకలో లేకపోయినా నదిపై నిలిచే ఉంది. 1974 నాటి రోడ్డు రైలు వంతెన, 1997 నాటి కమానుల వంతెన దాని తరువాత వచ్చినవి. మూడు తరాల వంతెనలను ఒకే చోట చూపిస్తూ పిల్లలకు కథలాగా చెప్పగల అవకాశం, ముఖ్యంగా మీ వంటి ఉపాధ్యాయురాలికి, ఈ దారిలో మరెక్కడా రాదు. కృష్ణానదిని మాత్రం ఈ దారిలో దాటరు. ఖమ్మం మీదుగా వచ్చే బండ్లు ఉత్తరం వైపు నుంచి విజయవాడలోకి ప్రవేశిస్తాయి కనుక పిల్లలకు ముందే ఆశ పెట్టకండి.

ఇక మీ అల్లుడు చెప్పిన పొదుపు మాట. ఈ లెక్క ఒంటరిగా వెళ్లే యువకుడికి సరిపోతుంది గాని, మీ కుటుంబానికి అంతగా సరిపోదని నా అభిప్రాయం. గోదావరి ఎక్స్‌ప్రెస్ వంటి రాత్రి బండి తెల్లవారుజామున విశాఖలో దింపుతుంది. చాలా హోటళ్లలో గది ఇచ్చేది మధ్యాహ్నం పన్నెండింటికి. ఆ ఆరు గంటలు నిద్ర చాలని ఇద్దరు పిల్లలతో, మోకాళ్ల నొప్పులున్న మనిషితో ఎక్కడ గడుపుతారు? ముందుగా గది ఇమ్మంటే కొన్ని హోటళ్లు అదనంగా తీసుకుంటాయి. అప్పుడు మిగిలిందనుకున్న అద్దె అక్కడే ఖర్చవుతుంది. స్టేషన్లలో రిటైరింగ్ గదులు ఉంటాయి, మీ పీఎన్ఆర్ నంబరుతో ఐఆర్‌సీటీసీలోనే వాటిని తీసుకోవచ్చు, కాని డిసెంబరు రద్దీలో అవి దొరుకుతాయని నమ్ముకుని ప్రయాణం పెట్టుకోలేము. టిక్కెట్టు ఖర్చులోనూ పిల్లల వల్ల కలిసివచ్చేది తక్కువే. ఐదేళ్లు నిండిన పిల్లలకు ప్రత్యేకంగా బెర్త్ గాని సీటు గాని కావాలంటే 2016 ఏప్రిల్ నుంచి పెద్దల ఛార్జీయే వసూలు చేస్తున్నారు. వృద్ధులకు ఛార్జీలో ఇదివరకు ఇచ్చిన రాయితీని కూడా 2020 మార్చిలో నిలిపివేశారు.

అన్నిటికంటె ముఖ్యమైనది బెర్త్ సంగతి. అరవై ఏళ్లు నిండిన పురుషులకు, నలభై అయిదేళ్లు నిండిన స్త్రీలకు కింది బెర్త్‌లలో ప్రత్యేక కోటా ఉంది గాని, అది ఒక టిక్కెట్టు మీద ఒకరు లేదా ఇద్దరు ప్రయాణిస్తున్నప్పుడే వర్తిస్తుంది. మీరు నలుగురూ ఒకే టిక్కెట్టు తీసుకుంటే ఆ కోటా మీకు అందదు. మీరిద్దరూ ఒక టిక్కెట్టు, పిల్లలు మరొక టిక్కెట్టు తీసుకుంటే వాళ్లు వేరే పెట్టెలో పడే ప్రమాదం ఉంది. ఆరేళ్ల పిల్లను మరొక పెట్టెలో పడుకోబెట్టి మీరు నిద్రపోలేరు కదా. ఏదైనా కారణం చేత రాత్రి బండే ఎక్కవలసి వస్తే, నలుగురికీ ఒకే టిక్కెట్టు తీసుకుని, కనీసం రెండు కింది బెర్త్‌లు వస్తేనే టిక్కెట్టు ఇవ్వమనే ఐచ్ఛికాన్ని ఎంచుకోండి. వీలైతే సెకండ్ ఏసీ తీసుకోండి, అందులో మధ్య బెర్త్ ఉండదు. స్లీపర్‌లోనూ, థర్డ్ ఏసీలోనూ రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు మధ్య బెర్త్ వేసుకునే హక్కు ఆ ప్రయాణికుడికి ఉంటుంది. ఆ ఎనిమిది గంటలూ కింది బెర్త్ వారు నడుము నిటారుగా పెట్టి కూర్చోలేరు. మోకాలి నొప్పితో రాత్రి రెండు మూడు సార్లు లేచి కూర్చునే వారికి ఇది పెద్ద ఇబ్బంది. బెర్త్ నంబరును ఎనిమిదితో భాగిస్తే శేషం ఒకటి గాని నాలుగు గాని వచ్చినవి ఈ రెండు తరగతుల్లో కింది బెర్త్‌లు, శేషం ఏడు వచ్చినది పక్క కింది బెర్త్. టిక్కెట్టు చేతికి రాగానే దీన్ని బట్టి మీకేది వచ్చిందో తెలుసుకోవచ్చు.

పగటి బండిలో ఏడు గంటలకు పైగా కూర్చోవడం మీ వారికి సుఖమని నేను అనను. చైర్ కార్‌లో నడవకు ఒక వైపు మూడు సీట్లు, ఇంకొక వైపు రెండు సీట్లు ఉంటాయి. మూడు సీట్ల వరుసలో మీరు, పిల్లలు కూర్చుని, నడవకు అవతలి అంచు సీటును ఆయనకు ఇస్తే, కాళ్లు చాపుకోవడానికీ, గంటకొకసారి లేచి నాలుగడుగులు వేయడానికీ వీలుంటుంది. కిటికీ పిల్లలిద్దరికీ వంతుల వారీగా సరిపోతుంది. అంతసేపు కూర్చోవద్దని వైద్యులు చెప్పి ఉంటే మాత్రం గోదావరి మీద ఆశను తిరుగు ప్రయాణానికి వాయిదా వేసుకుని, వెళ్లేటప్పుడు సెకండ్ ఏసీలో పడుకునే వెళ్లండి.

అరకు విషయంలో ఇంత ఆలోచించవలసిన పని లేదు. విశాఖలో ఉదయం ఏడింటి ప్రాంతంలో బయలుదేరే కిరండూల్ ప్యాసింజరే ఎక్కాలి. అదే దారిలో రాత్రి కూడా కిరండూల్‌కు ఒక ఎక్స్‌ప్రెస్ వెళ్తుంది; బస్తరుకు పని మీద వెళ్లేవారికి అది ఎంతో సౌకర్యం, విహారానికి వచ్చిన వారికి ఏమాత్రం పనికిరాదు. బైలదిలా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చేయడానికి 1960లలో వేసిన మార్గం ఇది. కొండల కడుపులోంచి తొలిచిన 58 సొరంగాలు, లోయల మీద కట్టిన వంతెనలు దీని ప్రత్యేకత. శృంగవరపుకోట దాటాక బొడ్డవర నుంచి ఎక్కుడు మొదలై, శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు స్టేషన్ల మీదుగా సుమారు 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడ వరకు సాగుతుంది. చీకటి సొరంగం, వెంటనే వెలుతురులో లోయ, మళ్లీ చీకటి. పిల్లలు లెక్కపెట్టడం మొదలుపెడితే ఇక వాళ్లను కూర్చోబెట్టవలసిన శ్రమ మీకుండదు. 2017 నుంచి ఈ బండికి పైకప్పు కూడా అద్దాలతో ఉండే విస్టాడోమ్ పెట్టెను తగిలిస్తున్నారు. దాని సీట్లు ఎటు కావాలంటే అటు తిరుగుతాయి కాబట్టి ఏ వైపు కూర్చోవాలన్న తర్జనభర్జన అక్కరలేదు. డిసెంబరులో ఆ సీట్లకు గిరాకీ చాలా ఎక్కువ. 2024 నవంబరు 1 నుంచి రిజర్వేషన్ గడువును 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించారు కనుక, ప్రయాణానికి సరిగ్గా అరవై రోజుల ముందు, ఆ మొదటి రోజునే ప్రయత్నించండి. ముందు అరకు బండి టిక్కెట్లు ఖాయమయ్యాకే విశాఖ ప్రయాణం తేదీలు స్థిరపరచుకోవడం ఉత్తమం.

చాలామంది రాత్రి బండిలో తెల్లవారేసరికి విశాఖ చేరి, అదే ప్లాట్‌ఫారం మీద నుంచి అదే ఉదయం అరకు బండి ఎక్కాలని చూస్తారు. రెండు బండ్లకు మధ్య ఉండేది గంటకు అటూ ఇటూ మాత్రమే. రాత్రి బండి దువ్వాడ దగ్గర కాసేపు నిలిచిపోయినా అరకు బండి వెళ్లిపోతుంది, దానితో యాత్రలో చూడవలసిన ముఖ్యమైన దారే చేజారుతుంది. మీరు మధ్యాహ్నానికి విశాఖ చేరి, సాయంత్రం పిల్లలను రామకృష్ణా బీచికి తీసుకువెళ్లి, రాత్రి తిన్నగా పడుకుని, మర్నాడు అరకు బయలుదేరండి. అరకు నుంచి తిరుగు ప్రయాణం రోడ్డు మీద పెట్టుకుంటే అనంతగిరి కాఫీ తోటలు, గాలికొండ చూడవచ్చు. మధ్యాహ్నం తరువాత వచ్చే తిరుగు రైలు ఏమాత్రం ఆలస్యమైనా శీతకాలంలో ఘాట్ మధ్యలోనే చీకటి పడుతుంది. విశాఖ నుంచి ఇంటికి, ఉదయం ఆరింటికి ముందే బయలుదేరే వందే భారత్ తీసుకుంటే ఎనిమిది ప్రాంతంలో, లేత ఎండలో, మరొకసారి గోదావరి కనిపిస్తుంది; భోజనం వేళకు వరంగల్లులో ఉంటారు.

ప్రశ్న: ముంబయిలో ఉద్యోగం చేస్తున్న తెలుగు అమ్మాయిని. వర్షాలు తగ్గాక ఒంటరిగా గోవా వెళ్లాలనుకుంటున్నాను. కొంకణ్ దారి చాలా అందంగా ఉంటుందని, పగటి పూట మాండవి ఎక్స్‌ప్రెస్‌లోనే వెళ్లాలని స్నేహితులు అంటున్నారు. రాత్రి బండి భద్రం కాదని ఇంట్లో భయపడుతున్నారు. మీరేమంటారు?
— ఒక పాఠకురాలు, ముంబయి

జవాబు: మీ స్నేహితుల మాట నిజమే. 1998లో పూర్తిగా అందుబాటులోకి వచ్చిన కొంకణ్ రైలు మార్గం రోహా నుంచి మంగళూరు దగ్గరి తోకూరు వరకు దాదాపు 740 కిలోమీటర్లు సాగుతుంది. ఆరున్నర కిలోమీటర్ల కర్బుడే సొరంగం, రత్నగిరికి దగ్గరలో సుమారు 64 మీటర్ల ఎత్తున నిలిచిన పన్వల్ నది వంతెన ఈ దారిలోనే ఉన్నాయి. వర్షాలు వెనుకబడిన కొద్ది వారాలలో, కొండలింకా పచ్చగా ఉండగా చూడవలసిన దారి ఇది.

అయినప్పటికీ, వెళ్లేటప్పుడు రాత్రి బండి అయిన కొంకణ్ కన్యను, వచ్చేటప్పుడు మాండవిని ఎంచుకోమంటాను. మాండవి ఉదయం ఏడింటికి ముంబయిలో బయలుదేరి చీకటి పడే వేళకు మడగాఁవ్ చేరుతుంది. కొత్త ఊళ్లో, ఒంటరిగా, చీకట్లో దిగి, అక్కడి నుంచి బస చేసే చోటు వెతుక్కుంటూ వెళ్లడం కంటే పెట్టెలో డెబ్బై మంది మధ్య పడుకుని వెళ్లడమే భద్రమని నా నమ్మకం. మీ ఇంట్లో వారు బండిలో గడిపే రాత్రి గురించి భయపడుతున్నారు. నిజానికి జాగ్రత్త ఎక్కువ అవసరమయ్యేది బండి దిగాక వచ్చే మొదటి గంటలో. కొంకణ్ కన్య రాత్రి పదకొండు ప్రాంతంలో కదిలి, తెల్లవారేసరికి రత్నగిరి దాటి, మడగాఁవ్ చేరేసరికి ఉదయం సుమారు పది అవుతుంది. అంటే శుక్రవారం ఆఫీసు ముగించుకుని ఎక్కినా సెలవు ఖర్చు కాదు, పైగా సింధుదుర్గ్ జిల్లా పల్లెలు, గోవా సరిహద్దు దాకా ఉన్న దారి మీరు పగటి వెలుతురులోనే చూస్తారు. దాటిపోయిన ఉత్తర భాగం తిరుగు ప్రయాణంలో, ఉదయం మడగాఁవ్‌లో బయలుదేరే మాండవిలో, తీరికగా కనిపిస్తుంది. ఆ బండిలో వండి వడ్డించే తిండికి మంచి పేరుంది. డబ్బా కట్టుకుని వెళ్లనక్కరలేదు.

ఒంటరిగా వెళ్లే స్త్రీలకు స్లీపర్ తరగతిలో వయసుతో పని లేకుండా ఆరు బెర్త్‌ల కోటా ఉంటుంది, దాన్ని వాడుకోండి. ఎంచుకునే వీలుంటే పై బెర్త్ తీసుకోండి. పగలు కూర్చోవడానికి అది అనుకూలం కాదు గాని, రాత్రి ఎవరూ వచ్చి అంచున కూర్చోరు, సామాను తల దగ్గరే పెట్టుకోవచ్చు. ఎవరైనా ఇబ్బంది పెడితే సర్దుకుపోవద్దు; వెంటనే రైల్వే సహాయ నంబరు 139కు ఫోను చేయండి, టీటీఈకి చెప్పండి. ఆర్ఏసీ (బెర్త్ కాక సీటు మాత్రమే ఖాయమైన) టిక్కెట్టు మీద మాత్రం ఈ ప్రయాణం చేయకండి, ఒక పక్క బెర్త్ మీద అపరిచితుడితో కలిసి రాత్రంతా కూర్చోవలసి రావచ్చు. వర్షాకాలంలో ఈ మార్గంలో బండ్లు వేరే సమయ పట్టిక ప్రకారం, తక్కువ వేగంతో నడుస్తాయి. మీరు వెళ్లే తేదీకి ఏ పట్టిక అమలులో ఉందో చూసుకోండి.

ప్రశ్న: మేము నెల్లూరు నుంచి ఊటీకి వెళ్లదలచాము. మా నాన్నగారు పగటి బండిలో కోయంబత్తూరు వెళ్లి, అక్కడి నుంచి కారులో కొండ ఎక్కుదామంటున్నారు. రాత్రి బండిలో వెళ్తే ఏమైనా మేలు ఉందా?
— ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: మీకు ఉంది. చెన్నై సెంట్రల్‌లో రాత్రి తొమ్మిది ప్రాంతంలో బయలుదేరే నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఉదయం ఆరు దాటాక మేట్టుపాళయం చేరుతుంది. ఊటీ వెళ్లే చిన్న బండి 7.10కి అక్కడే బయలుదేరుతుంది. పగటి బండిలో కోయంబత్తూరు దాకా చూసేది చాలావరకు మైదానమే. అసలు చూడవలసింది మేట్టుపాళయం నుంచి ఉదకమండలం వరకు ఉన్న 46 కిలోమీటర్లు. కల్లార్ నుంచి కూనూరు వరకు వాలు ఎంత నిటారుగా ఉంటుందంటే, పట్టాల మధ్య అమర్చిన పళ్ల కడ్డీని ఇంజను పళ్ల చక్రం పట్టుకుంటూ ఎక్కుతుంది. 2005లో యునెస్కో ఈ మార్గాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మైదానాన్ని నిద్రలో దాటి, కొండను మెలకువలో ఎక్కడానికి ఇంతకంటె అనువైన జోడీ దక్షిణాదిన నాకు తెలియదు.

చిన్న బండిలో సీట్లు చాలా తక్కువ. అందుకే ముందు ఆ టిక్కెట్లు తీసుకోండి, అవి ఖాయమైతేనే నీలగిరి ఎక్స్‌ప్రెస్ తీసుకోండి, ఆ తరువాత నెల్లూరు నుంచి చెన్నైకి సాయంత్రానికి చేర్చే బండి చూసుకోండి. రెండు టిక్కెట్ల మీద ప్రయాణికుల పేర్లు, వివరాలు ఒకేలా ఉంటే ఐఆర్‌సీటీసీలో వాటి పీఎన్ఆర్‌లను కలుపుకోవచ్చు. అలా కలిపిన తరువాత మొదటి బండి ఆలస్యం వల్ల రెండోది తప్పిపోతే, ఆ ప్రయాణించని భాగానికి డబ్బు తిరిగి కోరే హక్కు ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వర్షాలకు కొండచరియలు విరిగిపడి చిన్న బండిని నిలిపివేయడం తరచు జరుగుతుంది కనుక, జనవరి తరువాతి నెలలు మేలు. మీ నాన్నగారికి ఎక్కేటప్పుడు పట్టే సుమారు ఐదు గంటలు ఎక్కువనిపిస్తే, కూనూరులో దిగి, మిగిలిన దూరం ఆయన కోరినట్టే కారులో వెళ్లండి. పళ్ల కడ్డీ మీద ఎక్కే భాగం అప్పటికి పూర్తయి ఉంటుంది.